గాలి ౪, వాగు ౧౪

12 ఆగస్టు 2024, సోమవారం

పెద్దమ్మ గిద్దలూరు నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తితే గొంతు విని ఏమైందని అడుగుతుంది, అడిగితే చెప్పేస్తాను. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను కాబట్టి ఈ నోటుబుక్కు కొన్నాను. మార్కాపురం బస్టాండు ఎదురు దుకాణంలో పలకలు కూడా ఉన్నాయి. వాటివైపు చూడలేదు.

ఈరోజు వెలిగొండపురం మునిసిపాలిటీ మురుగునీటి శుద్ధి ప్లాంటు తనిఖీ. బయలుదేరే ముందు ఎప్పటిలాగే ఫారం మీద సంతకం పెట్టాను. "తనిఖీ చేయబోయే యూనిట్‌లో నాకు బంధువులు ఎవరూ లేరు." కాలుష్యాన్ని తనిఖీ చేసే ఈ ఆరేళ్ళ ఉద్యోగంలో ఈ ఫారం వందసార్లు రాసి ఉంటాను. ఒక్కసారీ చదివి పెట్టలేదు.

ప్లాంటు ఊరికి పడమట, వాగు ఒడ్డున ఉంది. కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్ కరుణాకరం కొబ్బరిబోండాంతో గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తనిఖీకి వెళ్ళిన చోట పచ్చి మంచినీళ్ళు కూడా తాగనని నాకో నియమం ఉంది. బోండాం ఆయన చేతిలోనే ఉండిపోయింది, ప్లాంటంతా తిరిగింది పాపం.

రిజిస్టర్ చూపించాడు. మురుగులోకి గాలి కొట్టే బ్లోయర్లు రోజుకు ఇరవై గంటలు ఆడుతున్నాయట. మురుగును శుద్ధి చేయకుండా నేరుగా వాగులోకి వదిలే గేటు ఏడాదిగా ఒక్క గంట కూడా తెరవలేదట. మూడు నెలల అంకెలు ఒకే పెన్ను, ఒకే ఒత్తు. ఒక సాయంత్రం కూర్చుని, మధ్యలో టీ తాగి రాసినట్టున్నాయి. అట్లాంటి రిజిస్టర్లు నాకు కొత్త కాదు.

శాంపిల్ సీసాలు తీసుకుని నీళ్ళు బయటికి పోయే చోటుకి ఒక్కదాన్నే నడిచాను. పంపుల గది వెనకగోడకు ఒక మేకు, మేకుకు ఒక పలక. చట్రం లేని రాతిపలక, ఒక మూల విరిగింది. దాని మీద బలపంతో రాసి ఉంది:

గాలి ౪
వాగు ౧౪

ఆ నాలుగు అంకె నాకు తెలుసు.

నాయన తర్లుపాడు వైపు పలకల షెడ్డులో రుద్దే పని చేసేవాడు. రుద్దిన పలక బాగా వచ్చిందో లేదో చూడడానికి ప్రతిదాని మీదా ఒకటి నుంచి పది వరకు రాసి, తుడిచి పక్కన పెట్టేవాడు. వాళ్ళ నాయన నేర్పిన తెలుగు అంకెలే రాసేవాడు. విరిగినవి ఇంటికి తెచ్చేవాడు, అవన్నీ నావి. బడిలో 1, 2, 3 చెప్పకముందే నాకు ౧, ౨, ౩ వచ్చు. ఆయన ౪కు తోక కిందికి దిగి పక్కకు పొడుగ్గా సాగుతుంది. అంత తోక ఎందుకు నాయనా అంటే, "అది కూర్చోను పీట కావాల గదమ్మా" అనేవాడు.

ఫోన్ తీసి ఆ పలకను ఫొటో తీసుకున్నాను. తనిఖీ కోసం కాదు.

"ఏం కావాల మేడమ్?" అన్నారు వెనక నుంచి. తల పూర్తిగా నెరిసింది. చొక్కా మీద కంపెనీ పేరు ఉంది. ఆపరేటర్ పేరు బ్రహ్మం అని తర్వాత కరుణాకరం చెప్పాడు. నాకు చెప్పాల్సిన పని లేదు.

నాకు తోచింది ఒక్కటే. పలక చూసి పైకి చదివాను. "గాలి నాలుగు, వాగు పద్నాలుగు. అంటే బ్లోయర్లు ఆడింది నాలుగు గంటలు, వాగు గేటు తెరిచింది పద్నాలుగు గంటలా?"

ఆయన నా ముఖం చాలాసేపు చూశాడు. "ఈ అంకెలు ఈడ ఎవురికీ రావు మేడమ్" అన్నాడు. తర్వాత కంచె మీద పాకిన కాకిదొండ ఆకులు రెండు తుంచి, పలక తుడిచేశాడు.

పందొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళ పిల్లను ముప్పై ఏళ్ళ ఆఫీసరమ్మలో ఎవరు పోల్చుకుంటారు? గిద్దలూరు బడిలో చేర్చేటప్పుడు పెదనాన్న తన ఇంటిపేరే రాయించాడు, ఇప్పటికీ అదే నా పేరు ముందు ఉంది. గుర్తుపట్టలేదు. పట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాడు.

13 ఆగస్టు

ఫారం సవరించాలి. యూనిట్‌లో బంధువు ఉన్నాడని రాస్తే తనిఖీ వేరేవాళ్ళకు పోతుంది. రేపు రాస్తాను.

16 ఆగస్టు

ల్యాబు ఫలితం వచ్చింది. అనుమతి పత్రం ప్రకారం బయటికి వదిలే నీటిలో బీఓడీ, అంటే మిగిలిన మురుగు లెక్క, ముప్పై దాటకూడదు. నూట పన్నెండు వచ్చింది. శుద్ధి అయిన నీరు కాదది, మురుగే.

ఫారం సవరించలేదు. బంధువంటే ఎవరు? పందొమ్మిదేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయనివాడు బంధువు కిందికి వస్తాడా? నిబంధనల్లో ఎక్కడా లేదు.

20 ఆగస్టు, మంగళవారం

పెద్దమ్మతో మాట్లాడాను. మాటల్లో మాటగా, నాయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఏమైనా తెలుసా అని అడిగాను.

"ఆ మనిషి మాట నా దగ్గర ఎత్తొద్దు" అంది. "నిజం నిజం అని దాన్నే పట్టుకొని యాలాడి, కట్టుకున్నదాన్ని, కన్నదాన్ని రోడ్డున ఏసినాడు. నా చెల్లెలు ఏం తిని బతికిందో నాకు తెల్సు."

పెద్దమ్మ చెప్పేదాంట్లో అబద్ధం లేదు. 2005లో పలకరాయి గనిలో గోడ కూలి ఒక కూలి చచ్చిపోయాడు. తాగి వచ్చి పడ్డాడని చెప్పమన్నాడు యజమాని. ముప్పై మంది అట్లాగే చెప్పారు. విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు నాయన ఒక్కడే, తాగలేదు, గోడ పగులు ఇచ్చిందని మేమే వారం ముందు చెప్పినాం అన్నాడు. అమ్మ ముందురోజు ఆయన కాళ్ళు పట్టుకుంది. నేను చూశాను. "ఒక్క మాట, ఒక్క అబద్ధం, నా కోసం, బిడ్డ కోసం" అంది. నాయన ఆమెను లేపి కూర్చోబెట్టి, "నా నోటికి రాదు ఇందిరా" అన్నాడు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ నాయనకు పని దొరకలేదు. ఆరు నెలలు చూసి అమ్మ నన్ను తీసుకుని గిద్దలూరు రైలెక్కింది. నాయన స్టేషనుకు వచ్చాడు. నా చేతిలో విరిగిన పలక పెట్టాడు. అమ్మ దాన్ని కిటికీలోంచి పారేసింది.

నాకు ఎవరి మీద కోపమో ఇప్పటికీ తెలియదు.

27 ఆగస్టు

చెప్పకుండా వెళ్ళాను. కరుణాకరం లేడు. బ్లోయర్లు ఆగి ఉన్నాయి, వాగు గేటు బార్లా తెరిచి ఉంది. నల్లటి నీళ్ళు నురగతో వాగులోకి పోతున్నాయి. దిగువన ఒక కాపరి గొర్రెల్ని ఆ నీళ్ళ దగ్గర్నుంచి పైకి అదిలిస్తున్నాడు. అవి వింటేనా.

పలక మీద: గాలి ౩, వాగు ౧౫. ఫొటో తీశాను.

"బ్లోయర్లు ఎందుకు ఆపారు?" అన్నాను.

"ఆడించమంటే ఆడిస్తా, ఆపమంటే ఆపుతా మేడమ్. కరెంటు బిల్లు కట్టేది కంపెనీ."

"మరి తుడిచేసేదానికి ఈ పలక ఎందుకు?"

పలకను మేకుకు సరిగ్గా తగిలించి చెప్పాడు. "రిజిస్టర్ వాళ్ళే రాసుకుంటారు. ఉన్నది ఉన్నట్టు ఏడన్నా ఒకసారి రాయకపోతే నాకు అన్నం దిగదు. చదివేటోళ్ళు లేరు గాబట్టి ఇన్నాళ్ళు సాగింది."

సీసాకు గుడ్డ కట్టి లక్కతో ముద్ర వేస్తుంటే ఆయన కొవ్వొత్తి పట్టుకున్నాడు. వేళ్ళ చివర్లు అప్పట్లాగే అరిగి నున్నగా ఉన్నాయి. లక్క కారి ఆయన బొటనవేలి మీద పడింది. కదల్లేదు.

"మీ అమ్మగారు బాగుండారా మేడమ్?"

ఆఫీసర్లను కుశలం అడగడం మామూలే. నేనూ మామూలుగానే జవాబు చెప్పాను. "లేదు. పోయింది. రెండేళ్ళయింది. కామెర్లు."

కొవ్వొత్తి ఆర్పి, "గేటు చూసొస్తా" అని వెళ్ళాడు. గేటు ఇరవై అడుగుల దూరం. పావుగంట రాలేదు. వచ్చాక సాక్షి సంతకం పెట్టాడు. నేను బస్సెక్కేదాకా బయటి గేటు దగ్గర నిలబడ్డాడు, అది కూడా మామూలేనేమో.

28 ఆగస్టు

ఫారం సంగతి ఇక రాయను.

10 సెప్టెంబరు, మంగళవారం

మూడోసారి. గాలి ౫, వాగు ౧౨. ఫొటో తీశాను.

ప్లాంటులో ఊడ్చి టీ పెట్టే రాములమ్మ నాతో పాటు నడిచింది. మాటకారి. నాయన గురించి నేను అడగకముందే మొదలుపెట్టింది. "మా బ్రహ్మం మామ ఒక్కడే ఉంటాడు మేడమ్, ఆ చివర రేకుల గది. మీరు పోయినసారి వచ్చిపోయినాక ఏమైందో ఏమో, పంపు కింద కూర్చొని గుడ్డలతోనే తలకు పోసుకున్నాడు. ఎవురో పోయినారంట, మైల అంట. ఎవురు మామా అంటే చెప్పడు. మూడు రోజులు పలక గూడ రాయలా."

ఎవరో దూరపు చుట్టం పోయి ఉంటారు.

ఇలా రాసి పది నిమిషాలైంది. దీన్ని కొట్టేయాలని ఉంది. కొట్టేయను. నేను ఎంత తెలివితక్కువదాన్నో ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఆయనకు తెలుసు. మొదటిరోజు నేను పలక చదవగానే తెలుసు. నేనుగా నోరు విప్పేదాకా ఆయన విప్పడు, అంతే.

వచ్చేముందు ఆయనే దగ్గరికి వచ్చాడు. "నీళ్ళ సంగతి ఏం రాస్తావో రాసుకో. రాయాల్సిందే. వాగు చచ్చిపోతావుంది. పలక మాట మాత్రం ఎత్తొద్దమ్మా. ఈ వయసులో ఇంగో చోట పని దొరకదు నాకు."

మేడమ్ అనలేదు. అమ్మా అన్నాడు. సరే అన్నాను. నాయనా అందామనుకున్నాను. కరుణాకరం మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది.

ఈ తనిఖీ ముగియనీ. రిపోర్టు పంపేసి, మామూలు మనిషిగా ఆదివారం పూట వెళ్ళి రేకుల గది తలుపు కొడతాను. అమ్మ ఫొటో తీసుకెళ్తాను.

19 సెప్టెంబరు

మా పై అధికారి రాధాకృష్ణమూర్తి సారు రిపోర్టు వెనక్కి ఇచ్చారు. కంపెనీ వాళ్ళు అప్పుడే ఆయన దగ్గరికి వచ్చి పోయారట. శాంపిల్ తీసిన మూడు రోజులూ కరెంటు పోయిందంటున్నారు. మిగతా రోజులన్నీ బ్లోయర్లు ఇరవై గంటలు ఆడాయని రిజిస్టరే సాక్ష్యమంటున్నారు.

"రోజూ ఇదే తంతు అనడానికి ఆధారం ఏముందమ్మా? లేకపోతే హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చి ఊరుకోవాలి" అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. పదవీవిరమణకు నాలుగు నెలలుంది, ఆయన కళ్ళు క్యాలెండరు మీదే ఉన్నాయి.

ఆధారం నా ఫోనులో ఉంది.

21 సెప్టెంబరు

పలక మాట ఎత్తనని ఆయనకు చెప్పాను కదా.

24 సెప్టెంబరు, మంగళవారం

మూడు ఫొటోలు జత చేశాను.

గోడ కనబడకుండా, మేకు కనబడకుండా, విరిగిన మూల కనబడకుండా కత్తిరించాను. అంకెలు మాత్రమే ఉన్నాయి. కింద మామూలు అంకెల్లో అర్థం రాశాను. "ప్లాంటు ప్రాంగణంలో లభించిన రోజువారీ నమోదు" అన్నాను. ఎవరి పేరూ రాయలేదు. పలక అనే మాటే వాడలేదు.

కత్తిరించాను కాబట్టి ఎవరికీ తెలియదు.

25 సెప్టెంబరు

ఎవరికీ తెలియదు. ఆ అంకెలు చదివేవాళ్ళే లేరు.

8 అక్టోబరు

కంపెనీకి నోటీసు వెళ్ళింది. జరిమానా, నెల రోజుల గడువు. రాధాకృష్ణమూర్తి సారు "గట్టిదానివే" అన్నారు. ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఆదివారం వెలిగొండపురం వెళ్తాను. అమ్మ ఫొటో చిన్న సైజులో చేయించాను, గోడకు కొట్టుకోవడానికి వీలుగా.

11 అక్టోబరు

వెళ్ళకూడదట. కంపెనీ అప్పీలు చేసింది. ఆ అంకెలు నేనే రాసి ఫొటో తీశానని వాళ్ళ వాదన. విచారణ అయ్యేదాకా ప్లాంటు దరిదాపులకు పోవద్దని సారు చెప్పారు.

17 అక్టోబరు, గురువారం

రాములమ్మ ఫోన్ చేసింది. నా నంబరు రిజిస్టర్లో చూసి చేసిందట.

"మేడమ్, మామను తీసేసినారు. పొద్దున్నే గది ఖాళీ చేయించినారు. ఆ పిచ్చి అంకెలు రాసేటోడు ఊరు మొత్తానికి ఆయన ఒక్కడే గదా, ఎవురినని ఎతకాల వాళ్ళు? ఫొటో చూస్తానే కరుణాకరం సారు నేరుగా మామ దగ్గరికే వచ్చినాడు."

చదివేవాళ్ళు లేరు, నిజమే. రాసేవాడు ఒక్కడే అన్నది నా బుర్రకు తట్టలేదు. గోడ కత్తిరించాను, మేకు కత్తిరించాను. ఆ తోకను ఎట్లా కత్తిరిస్తాను? ఆ తోక చూసే కదా నేను ఆయన్ను కనిపెట్టింది. నాకు ఒక్క క్షణం పట్టింది. వాళ్ళకు పట్టదా?

18 అక్టోబరు

తట్టలేదా?

22 అక్టోబరు

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ ఫొటోలు జత చేసేటప్పుడు నా మనసులో వాగు ఉంది, గొర్రెలు ఉన్నాయి. నాయన రాసిన నిజం ఒక్కసారైనా ప్రభుత్వం ముద్ర పడి బయటికి రావాలన్న ఆశ ఉంది. ఇంకొకటి కూడా ఉంది. నిజం చెబితే ఇంట్లోవాళ్ళకు ఏమవుతుందో ఆయనకూ ఒకసారి తెలియాలని. అమ్మ కాళ్ళు పట్టుకున్నప్పుడు ఆయన ఆగలేదు. పలక మాట ఎత్తొద్దమ్మా అన్నప్పుడు నేనూ ఆగలేదు.

ఇంత చిన్న బుద్ధి నాలో ఉందని నాకు తెలియదు. అమ్మ ఉంటే చెంప మీద కొట్టేది. తర్వాత తనే ఏడ్చేది.

27 అక్టోబరు, ఆదివారం

రాములమ్మ చెబితే తర్లుపాడు వైపు వెళ్ళాను. ఆటో దిగి పొలాల వెంట నడిస్తే రేకుల షెడ్డు వచ్చింది. ముసలి తరం పోయింది, పాత యజమాని లేడు, నాయనను రోజుకూలికి పెట్టుకున్నారట. ఆరుగురు పని చేస్తున్నారు. అందరి ఒళ్ళూ బూడిదరంగు దుమ్ము. నాయన ఒక మూల కింద కూర్చుని పలక రుద్దుతున్నాడు. అరవై మూడేళ్ళు. రుద్దిన పలక మీద ౧ నుంచి రాస్తున్నాడు.

దగ్గరికి వెళ్ళి "నాయనా" అన్నాను. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అందరూ తలెత్తారు.

ఆయన తలెత్తలేదు. పది వరకు రాశాడు. తుడిచాడు. పక్కన పెట్టాడు.

"ఎవురన్నా ఈయమ్మ?" అన్నాడు పక్కనున్న అంకన్న అనే ఆయన.

"ఆఫీసు మేడమ్. ప్లాంటు కాడికి వచ్చేది" అన్నాడు నాయన. అప్పుడు నన్ను చూశాడు. "ఎవురినో అనుకొని వచ్చినట్టుండావమ్మా. నాకు పిల్లల్లేరు."

అమ్మ ఫొటో సంచిలోనే ఉంది. వంగి ఆయన చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు.

"ఎండన పడి వచ్చినావు. కడవలో నీళ్ళుండాయి, తాగి పో" అన్నాడు.

తాగలేదు. ఎందుకు తాగాలి? తిరిగి రోడ్డు దాకా నడిచి వచ్చాను. ఆటో కోసం గంట నిలబడ్డాను. షెడ్డు వైపు నుంచి ఎవరైనా వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు.

31 అక్టోబరు, దీపావళి

దీపాలు పెట్టలేదు. ఇంటావిడ అడిగితే మైల అన్నాను.

4 నవంబరు

చేసింది తప్పే. కాళ్ళు పట్టుకుని అడిగేదాన్ని. కొట్టినా పడేదాన్ని. నువ్వు నా బిడ్డవు కావు అనడానికి, అదీ నలుగురిలో అనడానికి ఆయనకు నోరెట్లా వచ్చింది? అబద్ధం నోటికి రాదన్నాడు కదా అప్పుడు. అంటే అది అబద్ధం కాదేమో. ఆ రోజుతో నిజంగానే ఆయనకు పిల్లలు లేరేమో.

5 నవంబరు

మళ్ళీ వెళ్ళను.

19 నవంబరు

వెళ్ళను.

3 డిసెంబరు, మంగళవారం

అప్పీలు కొట్టేశారు. గడువు తర్వాతి పునఃతనిఖీకి నన్నే పంపారు.

బ్లోయర్లు ఆడుతున్నాయి. కొత్త మీటరు పెట్టారు. దాన్ని చేత్తో దిద్దడానికి వీల్లేదు. నవంబరులో రోజుకు సగటున పద్దెనిమిది గంటలు ఆడాయి. గేటుకు మునిసిపాలిటీ తాళం. కరుణాకరాన్ని మార్చారు, కొత్త సూపర్‌వైజర్ చాలా మర్యాదస్తుడు. శాంపిల్ సీసాలో నీళ్ళు ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే అవతల వాగు కనిపించింది.

రాములమ్మ టీ ఇచ్చింది. తాగాను. నియమాలు ఇంకెవరి కోసం? "మామ ఉంటే చూసి సంతోషపడేటోడు" అంది.

పంపుల గది వెనకగోడకు మేకు అట్లాగే ఉంది. దాని చుట్టూ పలక ఆనిన మేరకు సున్నం తెల్లగా మిగిలింది.

6 డిసెంబరు

బీఓడీ ఇరవై రెండు. అనుమతికి లోబడి ఉంది. నాయన ఉద్యోగం ఖర్చయి, వాగు బాగుపడింది. ఇది రిపోర్టులో రాయడానికి గడి లేదు.

9 డిసెంబరు, సోమవారం

అప్పీలు ఫైలు మూసేస్తున్నారు. తనిఖీ చేసిన అధికారి వాంగ్మూలాలు చదివి, చివర సంతకం చేయాలి. రాధాకృష్ణమూర్తి సారు ఫైలు నా బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్ళారు.

కరుణాకరం వాంగ్మూలం నాలుగు పేజీలు. ఆ అంకెలు చదవగలిగే మేడమ్‌కు, అవి రాసే ఆపరేటర్‌కు ఏదో చుట్టరికం ఉందని అనుమానమట. అదే రుజువైతే తనిఖీ మొత్తం రద్దు చేసి, తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు ఆమె మీద చర్య తీసుకోవాలని కోరాడు. ఆ ఫారం. నేను సవరించని ఆ ఫారం.

దాని వెనక ఒకే ఒక పేజీ. ఆపరేటర్ బ్రహ్మం, అక్టోబరు పదిహేనున ఇచ్చింది. నేను షెడ్డుకు వెళ్ళడానికి పన్నెండు రోజుల ముందు.

"పలక మీది రాతలు మీవేనా?"

"నావే."

"అవి మీవి కావని, తనిఖీ అధికారే రాసుకున్నారని మీరు చెబితే, మీ ఉద్యోగానికి ఇబ్బంది లేదని కంపెనీ అంటోంది. ఏమంటారు?"

"నేను రాసినదాన్ని నాది కాదని ఎట్లా అంటాను? నావే."

"ఆ అంకెలు ఆమెకు ఎవరు చదివి చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చదువుకున్న మనిషి."

"ఆమెతో మీకు బంధుత్వం ఉన్నదా?"

"లేదు. నాకు పిల్లలు లేరు."

ఆ ప్రశ్నలో పిల్లలు అన్న మాటే లేదు. బంధుత్వం ఉందా అని మాత్రమే అడిగారు. రాసుకున్న గుమాస్తా గమనించలేదు, ఎవరూ గమనించలేదు. కింద బ్రహ్మం అని సంతకం, ౧౫-౧౦-౨౦౨౪ అని తేదీ ఉన్నాయి. చివరి ౪కు పీట వేసే ఉంది.

అమ్మ కాళ్ళు పట్టుకున్నా ఆయన నోటికి రాని ఒక్క అబద్ధం. దాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేశాడు. చేశాక, దానికి తగ్గట్టే బతకాలి కదా. షెడ్డులో ఆరుగురి ముందు నేను నాయనా అని పిలిచాను, అప్పీలు ఇంకా తేలని రోజుల్లో. ఆయన ఇంకేమంటాడు? నా ఉద్యోగం పోకుండా, వాగు మళ్ళీ నల్లబడకుండా, తన నోటితో నన్ను లేకుండా చేసుకున్నాడు. చేసుకుని, ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగి పో అన్నాడు. ఆ కాస్త నీళ్ళు తాగి ఉంటే ఏం పోయేది నాకు. ఆయన ఇవ్వగలిగింది ఆ కడవలో నీళ్ళే.

ఇప్పుడు తర్లుపాడు పరిగెత్తుకు వెళ్ళాలని ఉంది. వెళ్ళి ఏమని పిలవాలి? నేను పిలిస్తే ఆయన మళ్ళీ కాదనాలి. ఒకసారి అనిపించాను, చాలు.

ఆయన సంతకం కింద నాకు జాగా ఉంది. "పై వాంగ్మూలం చదివాను. ఇందులోని విషయాలపై నాకు అభ్యంతరం లేదు" అని అచ్చు వేసి ఉంది. సారు భోజనం చేసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "అయిందామ్మా?" అన్నారు.

అయింది సార్ అన్నాను. నాయన మాట కింద సంతకం పెట్టాను, పెదనాన్న ఇంటిపేరుతో.